నూట పన్నెండో పేజీ

సూర్యప్రకాశానికి మనుషులంటే చులకన. పుస్తకాలు చదవని మనుషులంటే మరీ చులకన. ఆ ఊళ్ళో పుస్తకాలు చదివేవాళ్ళు ఎలాగూ లేరు కాబట్టి ఆయన దృష్టిలో ఊరు ఊరంతా ఒకటే. భీమవరానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, కాలవ గట్టు మీద ఊరు, పేరు అనవసరం. చుట్టూ రొయ్యల చెరువులు, మొదట్లో ఐసు ఫ్యాక్టరీ, చివర్లో రైసుమిల్లు, నడిమధ్య పంచాయతీ ఆఫీసుని ఆనుకుని ఒక్క గది శాఖా గ్రంథాలయం. ఆ గదికి ఇరవై రెండేళ్ళుగా ఆయనే గ్రంథపాలకుడు, ఆయనే అటెండరు, ఊడ్చుకునేదీ ఆయనే.

పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు, శుక్రవారం సెలవు. వచ్చేవాళ్ళంతా పేపరు కోసం వస్తారు. ఒకడికి సినిమా పేజీ కావాలి, ఒకడికి రొయ్యల రేట్లు కావాలి, మరొకడికి ఫ్యాను కింద కునుకు కావాలి. "వీళ్ళకి అక్షరాలు నేర్పడం దండగ" అనేవాడు సూర్యప్రకాశం, వాళ్ళకి వినపడేలాగే. వాళ్ళు పట్టించుకోకుండా పేజీ తిప్పుకునేవారు. "ఈ గదిలో మూడువేల చిల్లర పుస్తకాలున్నాయి. నేను చదవనిది ఒక్కటి చూపించండి" అని సవాలు కూడా చేసేవాడు. చూపించాలంటే ముందు చూపించేవాడు చదివుండాలి. అంచేత ఆ సవాలుకి ఇరవై రెండేళ్ళలో ఎవడూ ఎదురు రాలేదు.

చిన్నప్పుడు చదివిన మాట నిజమే. కోనసీమలో పుట్టినవాడు, పౌరోహిత్యం ఇష్టంలేక పుస్తకాల్లో తలదూర్చినవాడు. నడుస్తూ చదివి ఒకసారి పంట కాలవలో పడ్డాడు కూడా. ఆ కాలవ కథ ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పుంటాడు. చెప్పనిది ఏంటంటే, ఉద్యోగం వచ్చిన నాలుగైదేళ్ళకి చదవడం తగ్గింది, ఆ తరవాత పూర్తిగా పోయింది, పోయినట్టు ఆయనకే తెలియలేదు. నెంబర్లు మాత్రం మిగిలాయి. ఏ పుస్తకం పేరు చెప్పినా "రెండువేల రెండువందల పద్నాలుగు, ఎడమ బీరువా, మూడో అర" అని కళ్ళు మూసుకుని చెప్పేవాడు. నెంబరు తెలిస్తే పుస్తకం తెలిసినట్టేనని ఊరు నమ్మింది. ఊరు నమ్మిందంటే సరే, ఆయన కూడా నమ్మేశాడు.

నమ్మనిది ఒక్క ఆయన భార్య ఫణిశ్రీ. "మీరు పుస్తకం పట్టుకోగా నేను ఆఖరుసారి చూసింది మొన్న గ్యాసుబండ వచ్చినప్పుడండీ. ఆ గ్యాసు పుస్తకం కూడా తలకిందులుగా పట్టుకున్నారు" అనేది. ఆవిడ మాట ఆయన లెక్కచేసేవాడు కాదు. ఆవిడా వారపత్రికల్లో సీరియళ్ళు చదివే మనిషే కదా అని ఆవిడనీ ఆ ఊరివాళ్ళలోనే కలిపేశాడు.

ఆ ఏడాది, అంటే రెండువేల ఒకటి ఎండాకాలంలో, ఊళ్ళో కాన్వెంటు కరెస్పాండెంటు శ్రీనివాసరాజుకి ఒక ఆలోచన పుట్టింది. శ్రీనివాసరాజు గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. రొయ్యలకి తెల్లమచ్చ తెగులు తగిలి మేత వ్యాపారం కూలిపోతే, ఖాళీ అయిన మేత గోడౌనుకి కిటికీలు కొట్టించి, ఇంగ్లీషు మీడియం అని బోర్డు పెట్టిన మేధావి ఆయన. వాన పడితే ఆ క్లాసుల్లో ఇప్పటికీ మేత వాసనే. అందాకా ఆ బడిలో వేసవి హోంవర్కు అంటే ప్రతి పాఠం మూడుసార్లు రాయడం, ఇరవై మ్యాపులు గీయడం, ముప్పై రకాల ఆకులు ఎండబెట్టి అంటించడం. పాఠాలు తల్లులు రాసేవాళ్ళు, మ్యాపులు ట్యూషను మాస్టారు గీసేవాడు, ఆకులు పాలేరు కోసుకొచ్చేవాడు. బళ్ళు తెరిచాక టీచర్లు ఆ పుస్తకాలు విప్పకుండానే చివర్లో ఎర్రసిరాతో సంతకం గిలికేవారు. నెల తిరక్కుండా అవి పకోడీల బండి మీదికి చేరేవి. ఇది ఊరందరికీ తెలుసు, ఊరందరూ చేసేదే, అందులో సిగ్గుపడ్డవాడు లేడు.

ఆ వేసవి మటుకు శ్రీనివాసరాజు హైదరాబాదు వెళ్ళి ఎవరిదో స్కూలు కరపత్రం చూసొచ్చాడు. అందులో 'సమ్మర్ రీడింగ్' అని ఉంది. ఇంకేం, ఆరో తరగతి అయిపోయిన పిల్లలందరికీ పది గళ్ళున్న అట్టముక్క ఒకటి పంచాడు. ఒక్కో పుస్తకం చదివి, ఒక్కో గడిలో గ్రంథాలయం స్టాంపు వేయించుకు రావాలి. పది స్టాంపులున్న పిల్లలు ఏడో తరగతి ఏ సెక్షన్‌కి, లేనివాళ్ళు బి సెక్షన్‌కి. ఏడులో కామన్ పరీక్ష ఉంది. ఏ సెక్షన్‌కి భీమవరం నుంచి మాస్టార్లు వస్తారు. బి సెక్షన్‌కి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు వస్తారు.

"ఏ పుస్తకాలు చదవాలండీ?" అని సూర్యప్రకాశం అడిగాడు.

"మీ దగ్గర ఏవుంటే అవేనండి. పుస్తకం పుస్తకమే కదండీ" అన్నాడు శ్రీనివాసరాజు.

సూర్యప్రకాశం పైకి ముఖం చిట్లించాడు గానీ లోపల పొంగిపోయాడు. ఇరవై రెండేళ్ళకి తన స్టాంపుకి విలువొచ్చింది. ఊరికే వేసేస్తాడా? పుస్తకం తిరిగిచ్చిన ప్రతి పిల్లనీ బల్ల ముందు నిలబెట్టి ఒక్క ప్రశ్న వేస్తాడు: "చివరికి ఏమైంది?" సరిగ్గా చెబితే గడిలో స్టాంపు, పక్కన ఆయన చేత్తో 'చదివినది' అనే మాట, కింద పొట్టి సంతకం. అదీ పద్ధతి. మొదటివారం ఆ పద్ధతి బ్రహ్మాండంగా నడిచింది. రైసుమిల్లు పెద్ద రాజుగారింటి నుంచి కారు డ్రైవరు నాలుగు అట్టలు తెచ్చి "స్టాంపులేసి ఇచ్చెయ్యమన్నారండి అమ్మగారు" అన్నాడు.

"పిల్లల్ని పంపమను."

"పిల్లలు వైజాగ్ వెళ్ళారండి."

"పుస్తకాలు కూడా వైజాగ్ వెళ్ళాయా?" అని నాలుగు అట్టలూ వాడి చేతికే ఇచ్చేశాడు సూర్యప్రకాశం. ఆ సంగతి ఫణిశ్రీకి మూడుసార్లు చెప్పాడు. ఆవిడ మూడుసార్లూ "ఊఁ" అంది.

ఆ పద్ధతి ఎన్నాళ్ళు నిలబడిందంటే, పాపారాజు జీపు దిగేదాకా. పాపారాజు గ్రంథాలయానికి ఫ్యాను ఇచ్చినాయన, ఊళ్ళో సగం చెరువులు ఆయనవే. మనవడు రవితేజని లోపలికి తోలి, తను జీపు పక్కన నిలబడి చుట్ట వెలిగించాడు. రవితేజ బల్ల మీద పెట్టిన పుస్తకం 'సరంగు సోమన్న'. గోదావరి మీద పడవ నడిపే సోమన్న కథ, రెండువేల రెండువందల పద్నాలుగు, ఎడమ బీరువా, మూడో అర.

"చివరికి ఏమైందిరా?" అన్నాడు సూర్యప్రకాశం.

వాడు పుస్తకం అట్ట మీద బొమ్మ కేసి చూశాడు. ఆయనా ఆ బొమ్మ కేసే చూశాడు, ఎందుకంటే ఆయనకి తెలిసింది కూడా ఆ బొమ్మే. పడవ, తెరచాప, మీసాలాయన. బయట జీపు హారను మోగింది.

"ఏముంది, సోమన్న క్షేమంగా తిరిగొస్తాడు, రేవులో జనమంతా ఎదురెళ్తారు. అంతేనా?"

"అంతేనండి" అన్నాడు రవితేజ.

స్టాంపు పడింది, 'చదివినది' అని కూడా పడింది. రవితేజ ఆ సాయంత్రమే ట్యూషన్లో ఆ ముక్క అందరికీ చెప్పాడు. సన్న పుస్తకం, జవాబు తయారుగా ఉంది, ఇంకేం కావాలి. వరసగా పధ్నాలుగు మంది ఆ పుస్తకం తీసుకెళ్ళి మర్నాడే తెచ్చిచ్చారు. పధ్నాలుగు మందీ చేతులు కట్టుకుని "సోమన్న క్షేమంగా తిరిగొస్తాడండి, రేవులో జనమంతా ఎదురెళ్తారండి" అని అప్పజెప్పారు. సూర్యప్రకాశం మీసం దువ్వుకుంటూ పధ్నాలుగు స్టాంపులు కొట్టాడు. ఊళ్ళో చదివే అలవాటు తన వల్లే మొదలైందని ఆయన గట్టి నమ్మకం.

ఇంత భాగోతంలో నిజంగా చదివిన పిల్ల ఒక్కతే ఉంది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఏసురాజు కూతురు దీవెన. చర్చి ఫాదరుగారు రాసిన ఉత్తరం మీద కాన్వెంటులో సగం ఫీజుకి చదువుకుంటోంది, అదీ ఏ సెక్షన్‌లో ఉన్నంతవరకే. మొదటిరోజు అట్ట పట్టుకుని వచ్చినప్పుడే ఆ సంగతి తనంతట తనే చెప్పింది. "ఏ సెక్షన్ రాకపోతే మా నాన్న బడి మానిపించేస్తానన్నాడండి. అమ్మతోపాటు రొయ్యలు వలిచే షెడ్డుకి పోవాలండి."

"మీ ఇంటి గొడవలు నాకెందుకు? చదివితే వేస్తాను" అన్నాడు సూర్యప్రకాశం. ఆ పిల్ల చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయని ఆయనకి అనుమానం. ప్రతిసారీ చేతులు తుడుచుకున్నాకే పుస్తకం ఇచ్చేవాడు. పాపారాజు మనవడు కారప్పూస తిన్న చేత్తో పుస్తకం పట్టుకుంటే మాత్రం ఆయనకి కనపడలేదు.

దీవెన ఒక్కో పుస్తకం మూడేసి, నాలుగేసి రోజులు ఉంచుకునేది. "చివరికి ఏమైంది?" అంటే మొదటినుంచీ చెప్పేది. ఆయన మధ్యలోనే "చాలు చాలు" అని ఆపేసేవాడు. అలా తొమ్మిది స్టాంపులు పడ్డాయి. పదో పుస్తకంగా 'సరంగు సోమన్న' దానికి దొరికేసరికి సెలవులు అయిపోవచ్చాయి. అట్టలు కాన్వెంటు ఆఫీసులో ఇవ్వాల్సిన ఆఖరు రోజు, మధ్యాహ్నం ఒంటిగంట దాకా గడువు. ఆ పొద్దున్న తొమ్మిదింటికి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"చివరికి ఏమైంది?"

"చివర లేదండి" అంది దీవెన.

"లేకపోవడం ఏంటి?"

పిల్ల పుస్తకం తిరగేసి చూపించింది. నూట పన్నెండో పేజీలో వాక్యం సగంలో ఆగిపోయింది. దాని తరవాత వెనకట్టే. సూర్యప్రకాశం కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. ఆయన బుర్ర చాలా చురుగ్గా, చాలా తప్పుగా పనిచేసింది. పధ్నాలుగు మంది ముగింపు చెప్పారు. అంటే పధ్నాలుగో పిల్ల తెచ్చిచ్చేదాకా ముగింపు ఉంది. ఈ పిల్ల దగ్గరికి వెళ్ళొచ్చాక లేదు.

"చింపేశావా?"

"లేదండి. ముందునుంచీ లేదండి."

"పధ్నాలుగు మంది చదివారు. వాళ్ళందరికీ ఉన్నది నీకొక్కదానికే లేకుండా పోయిందా? ఏం చేశావు, ఐసు నీళ్ళలో పడేశావా, పొట్లాలు కట్టుకున్నావా?" పేపరు చదివేవాళ్ళు తలలెత్తారు. ఆయనకి అంతకన్నా ఏం కావాలి, గొంతు ఇంకా పెంచాడు. "అందుకే అంటాను. పుస్తకం ఎవరి చేతిలో పెట్టాలో వాళ్ళ చేతిలోనే పెట్టాలి."

దీవెన ఏడవలేదు. పుస్తకం వెన్ను దగ్గర వేలు పెట్టి, "చింపితే ఇక్కడ ముక్కలు మిగులుతాయి కదండీ" అంది. అది మరీ పొగరులా అనిపించింది ఆయనకి. నీ కార్డు మీద స్టాంపు లేదు, నీకు ఇక ఇక్కడ పుస్తకమూ లేదు, పొమ్మన్నాడు. పిల్ల అట్టముక్క తీసుకుని వెళ్ళిపోయింది.

పోయిన పేజీల సంగతి రిజిస్టరులో రాయాలి. అది కూడా పద్ధతే. సూర్యప్రకాశం ఆ పెద్ద రిజిస్టరు దుమ్ము దులిపి, రెండువేల రెండువందల పద్నాలుగో నెంబరు వరస పట్టుకుని, రిమార్కుల గడిలో కలం పెట్టబోయాడు. ఆ గడి ఖాళీగా లేదు. వెలిసిన నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో తొమ్మిదేళ్ళ నాటి రాత ఉంది: 'పుటలు 112 వరకే ఉన్నవి. చివరి ఫారం బైండింగులోనే పడలేదు.' కింద పొట్టి సంతకం. సూర్యప్రకాశం సంతకం.

పుస్తకాల కట్ట వచ్చినప్పుడల్లా పేజీలు లెక్కపెట్టి రాసుకునే అలవాటు ఆయనది. చదవకపోయినా లెక్క మాత్రం పెట్టేవాడు. ముందుగా చేసిన పని ఏంటంటే, చుట్టూ చూశాడు, ఎవరైనా గమనించారా అని. ఎవరూ గమనించలేదు. రిజిస్టరు మూసేశాడు. ఇంత పెద్దమనిషి, ఇన్ని కబుర్లు చెప్పినవాడు, ఆ క్షణంలో ఆయనకి తట్టింది అదే. పదకొండింటికి తాళం వేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

అన్నం ముందు కూర్చుని కూడా జరిగింది సగమే చెప్పాడు. పాత పుస్తకం, పేజీలు ముందే లేవట, తను మర్చిపోయాడట, ఎవరికైనా జరిగేదేనట. ఫణిశ్రీ చారు గిన్నె కింద పెట్టింది.

"మరి ఆ పధ్నాలుగు మందికీ ముగింపు ఎక్కడ దొరికిందండీ?"

ఆయన నమలడం ఆపాడు. జీపు హారను, అట్ట మీద మీసాలాయన, "అంతేనా", "అంతేనండి" అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"నేనే చెప్పాను" అన్నాడు.

"మీకెవరు చెప్పారు?"

ఫణిశ్రీకి ఆయన మీద జాలి కలిగిందనుకుంటే పొరపాటు. ఆవిడ గోడ గడియారం కేసి చూసి, "పన్నెండు కాలేదింకా. ఒంటిగంట దాకా గడువన్నారుగా. ఆ స్టాంపు తీసుకుని మీరు వెళ్తారా, నన్ను వెళ్ళమంటారా? నేను వెళ్తే ఎందుకొచ్చానో కూడా చెబుతాను" అంది.

నెత్తిన తువ్వాలు వేసుకుని, గ్రంథాలయం తలుపు తీసి స్టాంపూ ప్యాడూ జేబులో వేసుకుని, సైకిలెక్కాడు సూర్యప్రకాశం. రోహిణి కార్తె పోయినా ఎండ తగ్గలేదు. కాలవ గట్టు మీద ఒక్క మనిషి లేడు. ఇరవై రెండేళ్ళలో ఆ స్టాంపు గది దాటి బయటికి రావడం అదే మొదలు. ఏసురాజు ఇంటికి వెళ్తే ఎవరూ లేరు, తండ్రికి అన్నం తీసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఐసు ఫ్యాక్టరీ అరుగు మీద, ఊకబస్తాల పక్కన కూర్చుని ఏసురాజు అన్నం తింటున్నాడు. దీవెన పక్కనే చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఈయన్ని చూడగానే ఏసురాజు ఎంగిలి చేత్తోనే లేచాడు.

"పంతులుగారండీ, మా పిల్ల పుస్తకాలు చింపే పిల్ల కాదండి. నేను కొట్టి మరీ అడిగానండి. చింపలేదనే అందండి."

కొట్టాడని వినేసరికి సూర్యప్రకాశం నెత్తి మీది తువ్వాలు తీసేశాడు. "చింపలేదయ్యా. పొరపాటు నాదే. పేజీలు ముందునుంచీ లేవు" అన్నాడు. అంత చిన్న మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో చెప్పి ప్రయోజనం లేదు, దానికి ఎవరూ జాలిపడాల్సిన పని లేదు. "కార్డు తేమ్మా."

దీవెన గౌను జేబులోంచి అట్టముక్క తీసింది, పారెయ్యలేదు. సైకిలు సీటు మీద పెట్టి పదో గడిలో స్టాంపు కొట్టాడు. 'చదివినది' అని రాశాడు. సంతకం పెట్టాడు. పిల్ల అది అందుకుని సిరా ఆరేలా ఊదుకుంది. బళ్ళోకి పరుగెత్తుతుందనుకున్నాడు, ఆ పిల్ల కదల్లేదు.

"సార్, చివరికి ఏమైందండి?"

"ఏంటి?"

"పుస్తకంలోనండి. పూర్తి పుస్తకం మీరు ఎక్కడో చదివుంటారు కదండీ."

అలవాటైన నోరు అలవాటైన మాటే అంది. "ఏముందమ్మా. సోమన్న క్షేమంగా తిరిగొస్తాడు, రేవులో..."

"సోమన్న యాభై ఆరో పేజీలో చచ్చిపోయాడు కదండీ" అంది దీవెన. ఎగతాళి లేదు, నిజంగానే అయోమయంగా అంది. "జ్వరం వచ్చి పోయాడండి. తరవాతంతా వాళ్ళమ్మాయి పైడమ్మే కదండీ పడవ నడిపింది. వరదలో పురిటిమనిషిని ఎక్కించుకుని బయల్దేరిందండి, అక్కడే ఆగిపోయింది. ఒడ్డుకి చేరిందా లేదా అని మూడు రోజుల నుంచీ ఆలోచిస్తున్నానండి."

ఏసురాజు అన్నం కలుపుకోవడం మాని ఇద్దర్నీ చూస్తున్నాడు. లోపల ఐసు దిమ్మ ఎవరో పగలగొడుతున్నారు. సూర్యప్రకాశానికి ఏదో ఒకటి కల్పించి చెప్పడం చేతకాక కాదు. అది ఇప్పటికే ఒకసారి చేశాడు. పధ్నాలుగు మంది తన అబద్ధాన్ని తనకే అప్పజెబితే మీసం దువ్వుకున్నాడు.

"నేను చదవలేదమ్మా" అన్నాడు.

దీవెన ఆయన్ని, క్లాసులో హోంవర్కు చేయకుండా వచ్చిన పక్కబెంచీ పిల్లని ఎలా చూస్తారో అలా చూసింది. తరవాత అట్టముక్క జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, బడివైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"చదవండి సార్, బాగుంటుంది" అంది. "నూట పన్నెండు పేజీలేనండి."